వినరాని ధ్వనితో వస్తువుల ఉపరితలములను చూచుట

వస్తువును చూడవలెనన్న వెలుతురు కావలెనని మన మందఱ మెఱుగుదుము. వెలుతురు సోకని తావున ఎంత చక్కని కన్నైనను పనిచేయదు. బురదనీటిలో మునిగియున్న వంతెన స్తంభము మొదలు, ఇనుపదిమ్మె లోపలి బీట, సముద్రగర్భమందలి కొండలు లోయలు మన కంటికి గోచరింపవు. అయినను కంటికి కానరాని దానిని తెలిసికొనుటకు మన పెద్దలొక యుపాయము నెఱిగియే యుండిరి. సంతలో కుండ కొనువారు దానిని వ్రేళ్లతో తట్టి చూతురు. ఖంగున మ్రోగినచో కుండ మంచిది. బొదబొదమన్నచో ఎచ్చటనో బీట పడియున్నది. "పైన పటారము, లోన లొటారము" అను సామెతకు తగిన వస్తువులను కన్ను కనిపెట్టలేకున్నను చెవి కనిపెట్టగలదు.

కాని చెవికిని ఒక కొఱత కలదు. కుండలో బీట యున్నదని చెవి చెప్పునే గాని, ఆ బీట యెచ్చట నున్నది, ఎంత పొడవున్నది, ఏ యాకారమున నున్నది యను సంగతులు చెప్పజాలదు. అట్లయిన ధ్వని సహాయముననే వస్తువు యొక్క రూపమును పటముగా వ్రాయవచ్చునా? వ్రాయవచ్చునని గడచిన నూఱు సంవత్సరముల విజ్ఞానము నిరూపించినది. అయితే అందులకు మనము వినగల ధ్వని చాలదు. వినలేని ధ్వని కావలెను. ఈ విషయమును క్రమముగా విచారింతము.

అతిధ్వని యనగా నేమి?

తంబురా తీగను మీటినపుడు అది ఇటునటు కదలుచు, చుట్టునున్న గాలిని త్రోయుచు లాగుచు నుండును. ఆ కదలికయే అలలుగా వ్యాపించి మన చెవిని చేరును. సెకనునకు సుమారు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనముల వఱకు గల ధ్వనులను మనుష్యుని చెవి గ్రహింపగలదు. అంతకు మించిన కంపనములు గలవానికి అతిధ్వనులని పేరు. అవియు ధ్వనులే, వానిని పట్టుకొను శక్తి మన చెవికి లేదు, అంతియే భేదము.

ఒక అల శిఖరమునకును తరువాతి అల శిఖరమునకును గల దూరమునకు తరంగదైర్ఘ్యమని పేరు. ధ్వని వేగమును కంపనముల సంఖ్యచే భాగించినచో ఇది వచ్చును. 20 డిగ్రీల వేడిమి గల గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. కావున 343 కంపనములు గల ధ్వని యొక్క తరంగదైర్ఘ్యము 1 మీటరు. 40,000 కంపనములు గల అతిధ్వనికి 8.6 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ లెక్క ఏల ముఖ్యమైనదో చెఱువుగట్టున నిలిచి చూచినచో తెలియును. పెద్ద యల రెల్లుపుడకను లెక్కచేయక దాటిపోవును; అదే యల రేవుమెట్లకు తగిలి వెనుకకు మరలును. అనగా అల తనకంటె మిక్కిలి చిన్నదైన వస్తువును గుఱుతింపదు. ధ్వనితో సన్నని వివరములను చూడగోరువాడు అల పొడవును తగ్గింపవలెను. అల పొడవును తగ్గించుటకు కంపనముల సంఖ్యను పెంచవలెను. వినరాని ధ్వని మనకు కావలసి వచ్చుటకు కారణ మిదియే.

గబ్బిలము నేర్పిన పాఠము

ఈ విద్యను మనుష్యునికంటె ముందు గబ్బిలము నేర్చినది. ఇటలీ దేశస్థుడగు స్పల్లంజానీ యను శాస్త్రజ్ఞుడు 1793వ సంవత్సర ప్రాంతమున గబ్బిలములను పరీక్షించి, అవి చూపు పోయిన తరువాత కూడ అడ్డములకు తగులక ఎగురుట చూచి ఆశ్చర్యపడెను. జెనీవా నగరమందలి జురీన్ అను నతడు గబ్బిలముల చెవులను మూసి చూడగా, అవి దారి తెలియక అడ్డములను ఢీకొనెను. చూచుటకు చెవి ఏల కావలయునో అప్పటివారికి బోధపడలేదు. చిక్కు వీడుటకు దాదాపు నూటయేబది సంవత్సరములు పట్టెను. 1938వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున పియర్సు అను ఆచార్యుడు నిర్మించిన అతిధ్వని గ్రాహకయంత్రము నెదుట గ్రిఫిన్ అను యువకుడు గబ్బిలములను ఉంచి పరీక్షించగా, అవి మనకు వినరాని కేకలు వేయుచున్నట్లు తేలెను. పిమ్మట గ్రిఫిన్, గాలంబోస్ అనువారు కలిసి, గబ్బిలము ఆ కేకల ప్రతిధ్వనులను వినియే అడ్డములను తెలిసికొనుచున్నదని స్థాపించిరి.

గబ్బిలము చేయు పనిలో మూడు భాగములు కలవు. చిన్న కేక వేయుట మొదటిది. కేక వస్తువునకు తగిలి మరలి వచ్చువఱకు పట్టిన కాలమును గ్రహించుట రెండవది. ఏ దిక్కునుండి ఎంత గట్టిగా మరలివచ్చెనో గమనించుట మూడవది. మనుష్యుడు నిర్మించిన అతిధ్వని యంత్రములలో పెక్కింటికి ఈ మూడే ఆధారములు.

అతిధ్వనిని పుట్టించు స్ఫటికములు

గబ్బిలమునకు గొంతు కలదు. మనుష్యునకు సాధనము కావలసివచ్చినది. 1880వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను సోదరులు, పలుగురాతి స్ఫటికము వంటి కొన్ని స్ఫటికములను నొక్కినచో వాని ముఖములపై విద్యుత్తు జనించునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము సాగి ముడుచుకొనునను విపర్యయమును కూడ మరుసటి సంవత్సరమున రుజువు చేసిరి. వేగముగా దిక్కు మారు విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము అంత వేగముగా కంపించి ధ్వని నిచ్చును. మరలివచ్చిన ధ్వని తనను నొక్కినపుడు అదియే విద్యుత్తు నిచ్చును. ఒక్క ముక్కయే నోరు, ఒక్క ముక్కయే చెవి.

ఈ విద్యకు అవసరమును చూపినది ఒక ఘోరవిపత్తు. 1912వ సంవత్సరము ఏప్రిల్ నెలలో టైటానిక్ అను మహానౌక మంచుకొండకు తగిలి మునిగి, 1,500 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో రిచర్డ్సన్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిధ్వనిచే అడ్డములను ముందుగా తెలిసికొను పద్ధతులకై పేటెంటు హక్కులు కోరెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజెవన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పలుగురాతి స్ఫటికపు పలకలను రెండు ఉక్కుపలకల నడుమ బిగించి, నీటిలో అతిధ్వనిని బలముగా ప్రసరింపజేసి, జలాంతర్గామి నౌకల నుండి ప్రతిధ్వనులను పొందగలిగెను.

ప్రతిధ్వనుల నుండి పటము

దూరము తెలిసినంతమాత్రమున రూపము తెలియదు. రూపమెట్లు వచ్చునో ఒక ఉదాహరణముచే తెలిసికొందము.

ఒక బల్లమీద కొన్ని వస్తువులు ఉంచితిమనుకొనుడు. బల్లకు సరిగా 1 మీటరు పైని ఒక చట్రము నమర్చి, దానిపై అతిధ్వనిని పంపి గ్రహించు చిన్న సాధనమును ఇటునటు జరుపుదము. 40,000 కంపనములతో పనిచేయు ఇట్టి సాధనములు నేడు స్వల్పమైన వెలకు దొరకుచున్నవి. బల్లకు ఎదురుగా నున్నపుడు ధ్వని పోవుటకు 1 మీటరు, వచ్చుటకు 1 మీటరు, మొత్తము 2 మీటర్లు ప్రయాణము చేయవలెను. అందులకు సెకనులో వేయవవంతులు 5.83 పట్టును. సాధనము క్రింద 10 సెంటీమీటర్ల ఎత్తు గల పుస్తకముల దొంతర యున్నచో మొత్తపు దూరము 1.8 మీటర్లు మాత్రమే, కాలము 5.25 వేయవవంతులగును. కాలము తగ్గినకొలది ఎత్తు పెరిగినదని తెలిసికొనవలెను. బల్లను నూఱు గడులుగా విభజించి, ఒక్కొక్క గడిపై సాధనమును నిలిపి కాలమును వ్రాసికొని, ఎత్తయిన గడికి తెలుపును, పల్లపు గడికి నలుపును పూసినచో వస్తువుల ఉపరితలము పటముగా తయారగును. నేలను కొలిచి ఎత్తుపల్లముల పటమును వ్రాయు సర్వేయరు పనికిని దీనికిని సూత్రమున భేదము లేదు. గొలుసునకు బదులు ధ్వని కాలమును వాడుచున్నాము.

ఈ పరీక్షను చేసి చూచినవారికి పటము స్పష్టముగా రాదు. అందులకు మూడు కారణములు కలవు.

మొదటిది: సాధనమునుండి బయలుదేరిన ధ్వని దారమువలె నిటారుగా పోక, గరాటివలె విప్పారును. ఆ గరాటి కోణము 15 డిగ్రీలైనచో, 1 మీటరు దూరమున అది సుమారు 26 సెంటీమీటర్ల వెడల్పు గల వృత్తమునంతటిని తాకును. అందులో అన్నిటికంటె దగ్గఱగా నున్న వస్తువే ముందుగా బదులు పలుకును. అందుచేత చిన్న వస్తువు పెద్దదిగా, అంచులు మసకగా కనబడును.

రెండవది: నునుపైన ఉపరితలము అతిధ్వనికి అద్దము వంటిది. అది ఏటవాలుగా నున్నచో ధ్వనిని వేఱొక దిక్కునకు త్రోసివేయును. ప్రతిధ్వని మన సాధనమునకు చేరనే చేరదు. వస్తువుండియు లేనట్లగును.

మూడవది: ప్రత్తి, కంబళి వంటి మెత్తని పదార్థములు ధ్వనిని మ్రింగివేయును.

వీనికి ప్రతిక్రియలు లేకపోలేదు. ధ్వనిని పంపు ముఖమును వెడల్పు చేసినను, కంపనముల సంఖ్య పెంచినను గరాటి సన్నబడును. పుటాకారముగల ముఖముచే ధ్వనిని ఒక బిందువున కేంద్రీకరింపవచ్చును. పెక్కు గ్రాహకములను వరుసగా నిలిపి, ఒక్కొక్కటి విన్న కాలమందలి స్వల్పభేదములను గణకయంత్రముచే లెక్కించి దిక్కును తెలిసికొనవచ్చును. కాని గాలిలో కంపనముల సంఖ్యను యథేచ్ఛగా పెంచుటకు వీలులేదు. పెంచినకొలది ధ్వనిని గాలి త్వరగా హరించును. అందుచేతనే సూక్ష్మవస్తువుల పరీక్షకు నీటిని మాధ్యమముగా వాడుదురు. నీటిలో ధ్వనివేగము సెకనునకు సుమారు 1,500 మీటర్లు. సెకనునకు ఒక కోటి కంపనములు గల అతిధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యము 0.15 మిల్లీమీటరు.

గాలిపొర గుట్టు బయటపెట్టుట

ధ్వని ఒక పదార్థమునుండి వేఱొక పదార్థములోనికి పోవునపుడు ఎంత భాగము మరలును, ఎంత భాగము లోనికి పోవును? పదార్థము యొక్క సాంద్రతను అందలి ధ్వనివేగముచే గుణించినచో వచ్చు సంఖ్యయే దీనిని నిర్ణయించును. రెండు పదార్థములకు ఈ సంఖ్యలు దగ్గఱగా నున్నచో ధ్వని సులభముగా దాటును. దూరముగా నున్నచో మరలును. నీటినుండి ఉక్కును తాకిన ధ్వనిశక్తిలో నూటికి సుమారు 88 పాళ్లు మరలి, 12 పాళ్లు లోనికి పోవును. ఉక్కునుండి గాలిని తాకినదో, దాదాపు అంతయు మరలిపోవును.

ఇందుండి ఒక గొప్ప ఫలము లభించినది. ఉక్కులో వెండ్రుకకంటె సన్నని బీట యున్నను అందులో గాలి యుండును. ఆ పలుచని గాలిపొర ధ్వనికి గోడవలె నడ్డుపడి ప్రతిధ్వని నిచ్చును. 1928వ సంవత్సర ప్రాంతమున రష్యా దేశమున సోకొలోవ్ అను శాస్త్రజ్ఞుడు అతిధ్వనిచే లోహములందలి లోపములను కనుగొనవచ్చునని చూపెను. 1940 తరువాత అమెరికాలో ఫైర్‌స్టోన్ అను ఆచార్యుడు ప్రతిధ్వని పద్ధతిచే లోహములను పరీక్షించు యంత్రమును ప్రచారమునకు తెచ్చెను.

ఈ సూత్రమే నేడు పలువురి చేతులలో నున్నది. 2019లో వెలువడిన కొన్ని చేతిఫోనులలో వ్రేలిముద్రను గుఱుతించుటకు అతిధ్వని నుపయోగించిరి. వ్రేలి చర్మము దుక్కి దున్నిన చేనివలె గట్లు, చాళ్లుగా నుండును. గట్టునకు గట్టునకు సుమారు అర మిల్లీమీటరు దూరము. వ్రేలిని పలకపై ఆనించినపుడు గట్లు పలకను తాకును, చాళ్లలో గాలి నిలుచును. గట్టు తాకినచోట ధ్వని కొంత వ్రేలిలోనికి పోవును. గాలి నిలిచినచోట అంతయు మరలును. ఈ భేదమునే పటముగా కూర్చినచో వ్రేలిముద్ర యగును. వెలుతురుతో పనిలేదు గనుక చీకటిలోను ఇది పనిచేయును.

ధ్వని సూక్ష్మదర్శిని

సెకనునకు మూడువందల కోట్ల కంపనములు గల ధ్వనిని నీటిలో పుట్టించినచో దాని తరంగదైర్ఘ్యము మిల్లీమీటరులో రెండువేలవవంతు, అనగా కంటికి కనబడు ఆకుపచ్చని వెలుతురు అల పొడవునకు ఇంచుమించు సమానము. అట్లయినచో వెలుతురుతో పనిచేయు సూక్ష్మదర్శినివలె ధ్వనితో పనిచేయు సూక్ష్మదర్శినిని ఏల నిర్మింపరాదని సోకొలోవ్ తలచెను. కాని అందులకు కావలసిన సాధనములు ఆనాడు లేవు. 1974వ సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్వేట్, లెమన్స్ అనువారు అట్టి యంత్రమును లోకమునకు తెలియజేసిరి.

అందలి ముఖ్యభాగము నీలమణి జాతికి చెందిన స్ఫటికపు కడ్డీ. కడ్డీ ఒక కొనపై ధ్వనిని పుట్టించు పలుచని పొర యుండును. రెండవ కొనయందు చిన్న గుండ్రని గుంట యుండును. గుంటకును పరీక్షింపవలసిన వస్తువునకును నడుమ నీటిబొట్టు నిలుపుదురు. ఆ స్ఫటికములో ధ్వని సెకనునకు సుమారు 11,000 మీటర్లు పోవును. నీటిలో 1,500 మీటర్లే. వేగము ఏడవవంతునకు పడిపోవుటచే ధ్వని గట్టిగా వంగి ఒక బిందువున కూడుకొనును. కావున ఒక్క గుంటయే చక్కని కటకముగా పనిచేయును. వస్తువును వరుస వరుసగా కదుపుచు, బిందువు బిందువు నుండి వచ్చిన ప్రతిధ్వనిని తెఱపై వెలుగు నీడలుగా చూపుదురు.

ఈ సూక్ష్మదర్శిని చూపునది రంగు కాదు, మెఱుగు కాదు. పదార్థము యొక్క బిఱుసుదనము, మెత్తదనము. వెలుతురునకు ఏకరీతిగా తోచు లోహపు ముఖమున ధ్వనికి వేఱువేఱు రేణువులు కనబడును. మఱియొక విశేషము కలదు. ఘనవస్తువు యొక్క ఉపరితలమునంటియే ప్రాకుచు పోవు తరంగములు కలవని 1885వ సంవత్సరమున రాలే ప్రభువు గణితముచే నిరూపించెను. కేంద్రీకరింపబడిన ధ్వని ఉపరితలమున ఇట్టి తరంగములను పుట్టించును. దారిలో పగులు తగిలినచో అవి అడ్డగింపబడి మరలును. అందుచేత తరంగదైర్ఘ్యముకంటె మిక్కిలి సన్నని పగులును ధ్వని సూక్ష్మదర్శిని పట్టియిచ్చును. విద్యుత్పరికరములలో అతికిన పొరలు లోలోపల విడిపోయినవో లేదో వానిని పగులగొట్టకయే చూచుటకు ఈ జాతి యంత్రములను కర్మాగారములందు వాడుచున్నారు.

మనదేశపు కృషి

అతిధ్వనిచే వస్తువులను చూచుటయే గాక, అతిధ్వనినే వెలుతురుచే చూచు మార్గము కలదు. ద్రవములో అతిధ్వని పోవునపుడు అందు దట్టమైన పొరలు, పలుచని పొరలు ఒకటి విడిచి ఒకటి ఏర్పడును. ఆ పొరల గుండా పోయిన వెలుతురు పెక్కు రేఖలుగా చీలును. దీనిని 1932వ సంవత్సరమున అమెరికాలోను, ఫ్రాన్సులోను వేఱువేఱుగా కనుగొనిరి. ఇందలి రహస్యమును వివరించు సిద్ధాంతమును 1935, 1936 సంవత్సరములందు బెంగుళూరున సర్ సి. వి. రామన్ గారును, నాగేంద్రనాథ్ గారును ప్రకటించిరి. నేటికిని అది వారి పేరనే ప్రపంచమంతట చెప్పబడుచున్నది. సూరి భగవంతం గారు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యులుగా నుండి, అతిధ్వనుల పరిశోధనకు ఆంధ్రదేశమున పునాది వేసినవారిలో ముఖ్యులు.

చూచుటయు, చేయుటయు

ఈ శాస్త్రమంతయు వినోదార్థము కాదు. 1987వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీని అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున షోహారీ యేటిపై నున్న వంతెన వఱదలో కూలి పదిమంది మరణించిరి. స్తంభము క్రింది నేలను ప్రవాహము తొలిచివేసినది. పైనుండి చూచువారికి వంతెన నిబ్బరముగానే యుండెను. ఏటి అడుగున ఏర్పడిన గోతిని బురదనీటిలో ఏ కన్ను చూడగలదు? నేడు సెకనునకు రెండు మొదలు నాలుగు లక్షల కంపనములు గల అతిధ్వనిని విసనకఱ్ఱవలె పఱచి పంపి, స్తంభముల చుట్టునున్న ఏటిగర్భమును పటముగా తీయగలరు. అందును ఒక మెలకువ కావలెను. వఱద తగ్గునపుడు గోతిలో వదులైన ఒండ్రు పేరుకొని పైకి చదునుగా కనబడవచ్చును. తీసిన పటము సత్యమే. కాని దానిని చదువువాడు, అది ఏ సమయమున తీయబడినదో, ధ్వని దేనిని తాకి మరలినదో విచారింపవలెను.

ఇంగ్లండులోని హాట్‌ఫీల్డు వద్ద 2000వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీని ఒక రైలు పట్టాలు తప్పి నలుగురు మరణించిరి. చక్రములు ఒరయుచోట పట్టా ఉపరితలమున పుట్టిన సన్నని పగుళ్లు లోనికి ప్రాకి, రైలు పోవుచుండగా పట్టా మూడువందలకు పైగా ముక్కలైనది. ఇట్టి పగుళ్లు దట్టముగా నున్నపుడు పైపగులు ధ్వని నాపివేసి, దాని నీడలో లోతైన పగులును దాచును; పరీక్షకునకు ఇది పెద్ద చిక్కు. అయినను ఆ పట్టా చెడినదని ముందే తెలిసియుండెను. క్రొత్త పట్టాలు తెచ్చి ప్రక్కను వేసియుండిరి. వానిని అమర్చుట మాత్రము జరుగలేదు.

విద్యార్థులారా! ఈ రెండు దృష్టాంతములను చక్కగా గుర్తుంచుకొనుడు. మొదటిదానిలో లోపమును చూడక పోవుటచే ప్రాణములు పోయినవి. రెండవదానిలో లోపము తెలిసియు చేయవలసినది చేయక పోవుటచే పోయినవి. స్ఫటికము, కటకము, గణకయంత్రము మొదటి కొఱతను తీర్చగలవు. రెండవ కొఱతను తీర్చు యంత్రమును ఏ శాస్త్రజ్ఞుడును నిర్మింపజాలడు. అది మనుష్యుని కర్తవ్యబుద్ధి వలన తీరవలసినదే. మీలో కొందఱు ఇంజనీర్లయి వంతెనలను, పట్టాలను కనిపెట్టి చూచు పదవులలో నుందురు గాక! అప్పుడు తెఱపై ఒక చిన్న తెల్లని గీత కనబడినచో, ఆ దారిని రేపు ప్రయాణము చేయబోవు వారిని తలచుకొని, ఆనాటి పనిని ఆనాడే చేయుడు.